బ్రస్సెల్స్ మెప్పు కోసం పెట్టిన కాపలా

కొత్త యూరప్ కథలు: ఏడో భాగం

గత వారం కథ 1999 డిసెంబరు దగ్గర ఆగింది. హెల్సింకీలో సమావేశమైన యూరోపియన్ యూనియన్ నేతలు రొమేనియాతో చేరిక చర్చలకు ఒప్పుకున్నారు. 2000 ఫిబ్రవరిలో చర్చలు మొదలయ్యాయి. మొత్తం 31 అధ్యాయాలు. చేపల వేట, పన్నులు, రవాణా, గణాంకాలు ఒకదాని తర్వాత ఒకటిగా ముగుస్తూ వచ్చాయి. న్యాయ, హోం వ్యవహారాల అధ్యాయం దగ్గరకు వచ్చేసరికి బండి దిగబడింది. కారణం అవినీతి.

ఆ దేశంలో చేయి తడపడం నిన్నమొన్నటి అలవాటు కాదు. కమ్యూనిస్టు నియంత చౌషెస్కు రోజుల్లో డాక్టరు దగ్గరకు వెళ్ళేవాళ్ళు సంచిలో కెంట్ సిగరెట్ల పెట్టె పెట్టుకుని వెళ్ళేవారు. అన్ని బ్రాండ్లుండగా కెంటే ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేరు గానీ, ఆ పెట్టె విప్పి కాల్చేవాళ్ళు తక్కువ. డాక్టరు నుంచి మాంసం కొట్టువాడికి, అక్కడి నుంచి ఏదో ఆఫీసు గుమాస్తాకు చేతులు మారుతూ కరెన్సీ నోటులా చెలామణీ అయ్యేది. 1989 డిసెంబరులో చౌషెస్కు దంపతుల్ని కాల్చి చంపాక సిగరెట్ల స్థానంలోకి కవరు వచ్చింది. ఇది కింది మెట్టు. పై మెట్టున ప్రభుత్వ ఫ్యాక్టరీల అమ్మకాలు, ప్రభుత్వ బ్యాంకుల అప్పులు. బాన్‌కొరెక్స్ అనే ప్రభుత్వ బ్యాంకు పలుకుబడి ఉన్నవాళ్ళకిచ్చిన అప్పులు తిరిగిరాక 1999లో మూతపడింది. మరుసటి ఏడు ఎఫ్ఎన్ఐ అనే పెట్టుబడి నిధి కుప్పకూలి, సుమారు 3 లక్షల మంది సొమ్ముకు ఎసరొచ్చింది. మన ఊళ్ళలో చిట్‌ఫండ్ కంపెనీ బోర్డు తిప్పేసిన రోజు ఎలాంటి జనం రోడ్డున పడతారో, అక్కడా అలాంటి జనమే పడ్డారు.

2000 చివరి ఎన్నికల్లో సోషల్ డెమొక్రాట్లు గెలిచి అద్రియాన్ నస్తాసె ప్రధాని అయ్యారు. అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించిన ఆచార్యుడు, చిత్రపటాలు సేకరించే సరదా ఉన్నవాడు, వేట అంటే ఇష్టపడేవాడు. పడమటి యూరప్ నాయకుల పక్కన దర్జాగా కూర్చోగల మనిషి. వాళ్ళకేం కావాలో ఆయనకు తెలుసు. 2002 ఏప్రిల్‌లో ఆయన ప్రభుత్వం ఒక అత్యవసర ఆర్డినెన్సు తెచ్చి జాతీయ అవినీతి నిరోధక ప్రాసిక్యూటర్ల కార్యాలయాన్ని పెట్టింది. పొట్టిగా పీఎన్ఏ. సెప్టెంబరు 1 నుంచి పని మొదలైంది.

జనం దాన్ని పట్టించుకోలేదు. దొంగ ఇంటికి దొంగే తాళం వేసుకుంటే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు? తొలి రెండేళ్ళూ ఆ కార్యాలయం చేసిన పని కూడా ఆ అనుమానానికి తగ్గట్టే ఉంది. కస్టమ్స్ గుమాస్తాలు, చిన్న పోలీసు అధికారులు, పురపాలక సిబ్బంది దొరికారు. మంత్రులు దొరకలేదు. 2004లో యూరోపియన్ కమిషన్ తన వార్షిక నివేదికలో, రొమేనియాలో అవినీతి తీవ్రంగానూ విస్తృతంగానూ కొనసాగుతోందని రాసింది. అదే ఏడాది చివర అధ్యక్ష ఎన్నిక. నస్తాసె గెలుపు ఖాయమన్నారు. బుఖారెస్ట్ మేయరుగా ఉన్న మాజీ ఓడ కెప్టెన్ ట్రాయాన్ బసెస్కు అవినీతినే ఎన్నికల మాటగా చేసుకుని, రెండో విడతలో 51 శాతం పైచిలుకు ఓట్లతో నెగ్గారు.

ఇక్కడొక ముఖ్యమైన మెలిక. చర్చలు 2004 డిసెంబరులోనే ముగిశాయి. 2005 ఏప్రిల్ 25న లక్సెంబర్గ్‌లో చేరిక ఒప్పందం మీద సంతకాలూ అయ్యాయి. కానీ ఆ ఒప్పందంలో రొమేనియాకు మాత్రమే వర్తించే ఒక నిబంధన చేర్చారు: 11 షరతులు నెరవేరకపోతే చేరికను ఏడాది వాయిదా వేయవచ్చు. వాటిలో ఏడు న్యాయ, హోం శాఖలకు సంబంధించినవి. 2007 జనవరి 1 అనే తేదీ ప్రతి రొమేనియన్ నోటా ఉన్న రోజులవి. స్పెయిన్‌లో, ఇటలీలో తోటపనికీ, ముసలివాళ్ళ సేవకూ వెళ్ళిన లక్షల మంది ఇళ్ళలో ఆ తేదీకి ఎంత విలువో చెప్పనక్కర్లేదు. అవినీతి కేసులు కదలకపోతే ఆ తేదీ వెనక్కి పోతుంది. దాంతో ప్రాసిక్యూటర్ల గొడవ మొదటిసారి మామూలు ఇంటి గడపలోకి వచ్చింది.

న్యాయశాఖకు వచ్చిన మంత్రి మోనికా మకోవెయ్ ఏ పార్టీకీ చెందని మనిషి. మానవహక్కుల న్యాయవాది. వచ్చీ రాగానే పాత అవినీతి నిరోధక వ్యూహం మీద బయటి సంస్థతో తనిఖీ చేయించారు. చిన్నవాళ్ళని పట్టుకుంటున్నారే తప్ప పైవాళ్ళ జోలికి పోవడం లేదని ఆ తనిఖీ తేల్చింది. తర్వాత ఆమె చేయించిన పని నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రాజకీయ నాయకుల ఆస్తి ప్రకటన ఫారాన్ని విప్పి విస్తరించారు. ఇల్లు, పొలం, కారుతో సరిపెట్టకుండా నగలు, గడియారాలు, చిత్రపటాలు, బ్యాంకు ఖాతాలు అన్నీ రాయాలి. రాసింది జనానికి కనబడాలి. ఊరంతటికీ కాలక్షేపం దొరికింది. ఏ సెనేటరు భార్యకు ఏ అత్తగారు ఎంత బంగారం పెట్టిందో పత్రికలు చదివి వినిపించాయి. నస్తాసె కుటుంబానికి భార్య తరఫు ముసలి బంధువు తమారా నుంచి సంక్రమించిందని చెప్పిన సొమ్ము మీద విచారణ మొదలయ్యాక, ఆ పెద్దావిడ పేరు దేశమంతటా హాస్యోక్తి అయిపోయింది. లెక్క తేలని డబ్బు ఎవరి దగ్గర కనబడ్డా తమారా ఆంటీ ఇచ్చిందా అని అడిగేవారు. ఆ కేసులో నస్తాసె 2011లో నిర్దోషిగా బయటపడ్డారు. హాస్యోక్తి మాత్రం కొట్టివేతకు గురికాలేదు.

పీఎన్ఏకు రాజ్యాంగ న్యాయస్థానం 2005లో ఒక దెబ్బ కొట్టింది. పార్లమెంటు సభ్యుల మీద కేసులు నడిపే అధికారం సుప్రీం న్యాయస్థానానికి అనుబంధంగా ఉన్న ప్రాసిక్యూటర్లకే ఉందని తీర్పు. అయితే ఆ కార్యాలయాన్నే అక్కడికి మార్చేద్దామన్నారు మకోవెయ్. జాతీయ అవినీతి నిరోధక డైరెక్టరేట్ అనే కొత్త పేరు వచ్చింది. రొమేనియన్ అక్షరాల్లో డీఎన్ఏ. 2006 ఫిబ్రవరిలో సెనేట్ ఆ ఆర్డినెన్సును తిరస్కరించింది. బ్రస్సెల్స్ కనుబొమలు ముడిపడ్డాయి. దిగువసభ గబగబా దాన్ని నిలబెట్టింది. చేరిక ముంగిట రొమేనియా పార్లమెంటు ఎలా నడిచిందో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

డీఎన్ఏ అంటే మన ఏసీబీ లాంటిదనుకుంటే పొరపాటు. రంగు పూసిన నోట్లతో వీఆర్వోను పట్టుకోవడం దాని పని కాదు. లంచం 10,000 యూరోలు దాటాలి, లేదా ఖజానాకు నష్టం 2 లక్షల యూరోలు దాటాలి, లేదా నిందితుడు మంత్రి, ఎంపీ, మేయరు, జడ్జి స్థాయి వాడై ఉండాలి. పైగా అందులో పనిచేసేవాళ్ళు పోలీసులు కారు, ప్రాసిక్యూటర్లు. దర్యాప్తు చేసేదీ వాళ్ళే, అభియోగపత్రం వేసేదీ వాళ్ళే. పోలీసు అధికారులు వాళ్ళ చేతికింద డిప్యుటేషన్‌పై ఉంటారు. 2005 ఆగస్టులో క్లూజ్ నగరం నుంచి డానియెల్ మొరార్ అనే ప్రాసిక్యూటర్‌ను తెచ్చి దీని తలమీద కూర్చోబెట్టారు. నెమ్మదస్తుడు. కెమెరా ముందు పెద్దగా మాట్లాడేవాడు కాదు.

2007 జనవరి 1న రొమేనియా, బల్గేరియా కలిసి యూనియన్‌లో చేరాయి. బుఖారెస్ట్ వీధుల్లో బాణసంచా. సరిగ్గా మూడు నెలల తర్వాత, ఏప్రిల్ మొదట్లో, మకోవెయ్ పదవి పోయింది. అదే నెల 19న పార్లమెంటు 322 ఓట్లతో అధ్యక్షుడు బసెస్కును సస్పెండ్ చేసింది. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదేనని జనానికి విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. మే నెల ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవాళ్ళలో 74 శాతం బసెస్కును దించొద్దన్నారు.

బ్రస్సెల్స్ చేతిలో ఇప్పుడు వాయిదా బెదిరింపు లేదు. మిగిలింది సహకార, పరిశీలనా వ్యవస్థ అనే నివేదికల ఏర్పాటు. చేరికకు ముందే, 2006 డిసెంబరులో పెట్టారు. రొమేనియాకు నాలుగు గీటురాళ్ళు, బల్గేరియాకు ఆరు. ఏడాదికోసారి, ఒక్కోసారి రెండుసార్లు కమిషన్ ఒక నివేదిక ఇచ్చేది. అందులో శిక్షలేమీ పెద్దగా లేవు. అయినా ఆ నివేదిక వచ్చే రోజు రొమేనియా టీవీల్లో పరీక్షా ఫలితాల హడావిడి ఉండేది. బయటివాడు వచ్చి తమ ఇంటి పెద్దల్ని తనిఖీ చేయడాన్ని అవమానంగా తీసుకోవలసిన దేశంలో, చాలామంది ఆ బయటివాడు వెళ్ళిపోకూడదనే కోరుకున్నారు. నివేదికల అవసరం గురించి కమిషన్ చేయించిన అభిప్రాయ సేకరణల్లోనూ, పని పూర్తయ్యేదాకా బ్రస్సెల్స్ పట్టు వదలకూడదన్నవాళ్ళదే పైచేయి. సార్వభౌమత్వం గురించి ఉపన్యాసాలిచ్చిన నాయకులు ఈ సంగతిని ఆఖరిదాకా అర్థం చేసుకోలేదు, లేదా అర్థం కానట్టు నటించారు.

మొరార్ కాలంలో అభియోగపత్రాలు వెళ్ళాయి గానీ తీర్పులు రాలేదు. మాజీ మంత్రుల మీద కేసుకు పార్లమెంటు అనుమతి కావాలి. అనుమతి వస్తే విధానపరమైన అభ్యంతరం. అది తీరితే వాయిదా. జనం మళ్ళీ భుజాలెగరేశారు. 2012 ఆ నిరాశను తిప్పికొట్టింది. 2004 ఎన్నికల ఖర్చు కోసం, నిర్మాణరంగ నాణ్యతా పురస్కారం అనే పేరుతో జరిపిన సదస్సు ముసుగులో సంస్థల నుంచి డబ్బు లాగారన్న కేసులో నస్తాసెకు రెండేళ్ళ జైలు ఖరారైంది. జూన్ 20 రాత్రి పోలీసులు అరెస్టుకు వెళ్ళినప్పుడు ఆయన ఇంట్లో ఆత్మహత్యకు ప్రయత్నించి బతికారు. వారం తిరక్కుండా ఆసుపత్రి నుంచి జైలుకు తరలించారు. యూరప్‌కు చూపించడానికి ఆయన ప్రభుత్వం తెరిచిన కార్యాలయమే, పేరు మార్చుకుని, ఆయన్ని జైలుకు పంపింది. ఆ వారమంతా రొమేనియాలో ఇంకో మాట లేదు. ఆత్మహత్యాయత్నం నిజమా నాటకమా అని కూడా వాదించుకున్నారు. అవతలి మనిషి గాయపడ్డ రోజున అలా వాదించుకోవలసి రావడం, నాయకుల మీద నమ్మకం ఎంత అడుగంటిందో చెబుతుంది.

2013 మేలో లౌరా కొద్రుత్సా కొవెషి డీఎన్ఏ అధిపతి అయ్యారు. అప్పటికే ఆరేళ్ళు దేశ ప్రాసిక్యూటర్ జనరల్‌గా పనిచేశారు. చిన్నప్పుడు బాస్కెట్‌బాల్ ఆడిన ఆరడుగుల మనిషి. మొరార్ నాటిన విత్తనాలు ఆమె కాలంలో కోతకొచ్చాయనడం న్యాయం, కానీ ఆమె కోసిన వేగం ఆమెదే. 2014లో 1,100 మందికి పైగా నిందితులకు తుది శిక్షలు పడ్డాయి. 2015లో కోర్టుకు పంపినవాళ్ళు 1,250 మందికి పైనే. అందులో పదవిలో ఉన్న ప్రధాని విక్టర్ పొంతా, ఐదుగురు మంత్రులు లేదా మాజీ మంత్రులు, 16 మంది దిగువసభ సభ్యులు, ఐదుగురు సెనేటర్లు. ఆ సెప్టెంబరులో బుఖారెస్ట్ మేయరు సొరిన్ ఒప్రెస్కును అరెస్టు చేశారు. డీఎన్ఏ ప్రధాన కార్యాలయం మెట్ల దగ్గర టీవీ కెమెరాలు పొద్దున్నే వచ్చి కాపు కాసేవి. ఎవరొస్తారో తెలియదు, ఎవరో ఒకరు వస్తారని మాత్రం తెలుసు. బేడీలు కనబడకుండా కోటు కప్పుకుని నడిచే పెద్దమనుషుల దృశ్యం సాయంత్రం వార్తలకు నిత్యనైవేద్యం.

సర్వేల్లో డీఎన్ఏని నమ్ముతున్నామన్నవాళ్ళు అప్పుడు పదిమందిలో ఆరుగురి దరిదాపుల్లో ఉన్నారు. పార్లమెంటును నమ్మేవాళ్ళు పదిమందిలో ఒక్కరికి కాస్త అటూ ఇటూ. ఈ అంకెల్ని కొవెషికి దక్కిన ప్రేమగా చదివినవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. ఆ ఆరుగురిలో చాలామంది నమ్మింది ఒక కార్యాలయాన్ని కాదు. తమను పాలించేవాళ్ళ మీద అసహ్యాన్ని చెప్పుకోవడానికి వాళ్ళకు దొరికిన ఏకైక ప్రభుత్వ గుమ్మం అది. ఆ అసహ్యం ఎటు తిరిగితే ఆ నమ్మకమూ అటు తిరుగుతుంది.

జైళ్ళ నిబంధనలు కూడా ఈ సంతలో ఒక వేడుక అయ్యాయి. శాస్త్రీయ గ్రంథం రాసిన ఖైదీకి ఒక్కో పుస్తకానికి 30 రోజుల శిక్ష తగ్గింపు ఉండేది. చదువుకున్న ఖైదీలు జైళ్ళలో నిండేకొద్దీ రొమేనియన్ సాహిత్యం మూడు పువ్వులు ఆరు కాయలైంది. వ్యాపారులు, మాజీ మంత్రులు, ఫుట్‌బాల్ క్లబ్బు యజమానులు వేదాంతం మీద, ఆర్థికం మీద, క్రీడల మీద పుస్తకాలు గుప్పించారు. కొందరు ఏడాదిలో రాసిన పుటల సంఖ్య చూస్తే వృత్తి రచయితలు సిగ్గుపడాలి. చివరికి ఈ గ్రంథాలు ఎవరు రాస్తున్నారో చూద్దామని డీఎన్ఏ దర్యాప్తు మొదలుపెట్టింది. 2016లో ఆ వెసులుబాటు ఎత్తేశారు.

అలాగని దేశమంతా ఒకే చప్పట్లు కొట్టలేదు. ఉత్తరాన బాయా మారె అనే పట్టణం మేయరు కతలిన్ కెరెకెష్ లంచం కేసులో రిమాండులో ఉండగానే 2016 జూన్ ఎన్నికల్లో భారీ మెజారిటీతో మళ్ళీ గెలిచారు. తింటే తిన్నాడు, పార్కు వేయించాడు అనే లెక్క మనకు కొత్తదేం కాదు. పేద జిల్లాల్లో, పింఛను మీద బతికే ముసలివాళ్ళ ఇళ్ళలో, సోషల్ డెమొక్రాట్ల మేయరంటే రోడ్డు, కట్టెలు, పండగ పూట సరుకుల సంచి. ఆ మేయరుకు బేడీలు వేసిన బుఖారెస్ట్ ప్రాసిక్యూటరు వాళ్ళకు ఏమిచ్చింది? పట్నంలో ఇంగ్లీషు మాట్లాడే కుర్రకారుకు డీఎన్ఏ ఎంత దగ్గరైందో, ఈ ఇళ్ళకు అంత దూరమైంది.

పట్నపు కుర్రకారుకు అవినీతి ప్రాణసంకటంగా మారిన రాత్రి 2015 అక్టోబరు 30. బుఖారెస్ట్‌లో కొలెక్టివ్ అనే నైట్‌క్లబ్‌లో కచేరీ జరుగుతుండగా బాణసంచా నిప్పురవ్వ గోడల ఫోమ్‌కు అంటుకుంది. 64 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా తర్వాతి వారాల్లో ఆసుపత్రుల్లో. అగ్నిమాపక అనుమతి లేకుండా ఆ క్లబ్బుకు పర్మిట్లెలా వచ్చాయని అడిగితే జవాబు పురపాలక కార్యాలయంలోకి తీసుకెళ్ళింది. ఆసుపత్రుల్లో వాడిన క్రిమినాశనిని కంపెనీ నీళ్ళు కలిపి అమ్మిందని కొన్ని నెలల తర్వాత విలేకరులు బయటపెట్టారు. అవినీతి చంపుతుంది అన్న నినాదంతో వేలమంది వీధుల్లోకి వచ్చారు. నవంబరు 4న పొంతా రాజీనామా చేశారు. అంతకుముందు లంచమంటే ఎవడో ఎక్కడో ఎంతో తినేశాడన్న కబురు. ఆ తర్వాత అది ఒక పేరు, ఒక వయసు, ఒక ఫోటో.

ఇక నాణేనికి అవతలి వైపు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే పడమటి పత్రికలు చాలాకాలం ఆగలేదు.

చౌషెస్కు రహస్య పోలీసు సెకురితాతె ఫోన్లు వినేది, ఉత్తరాలు విప్పేది, పక్కింటివాళ్ళచేత చాడీలు రాయించేది. ఆ భయంలో పెరిగిన తరం ఇంకా బతికే ఉంది. డీఎన్ఏ కేసుల్లో సాక్ష్యం ఎక్కువగా ఫోన్ సంభాషణలే. ఆ సంభాషణల్ని సాంకేతికంగా వినిపెట్టింది దేశీయ గూఢచారి సంస్థ ఎస్ఆర్ఐ. అరెస్టు జరిగిన సాయంత్రానికల్లా ఆ మాటలు పత్రికల్లో అచ్చయ్యేవి, ఎవరు ఎవర్ని ముద్దుపేరుతో పిలిచారో సహా. జనం ఎగబడి చదివేవారు. చదివి పక్కన పెట్టాక తమ ఫోను వైపు ఒకసారి అనుమానంగా చూసేవారు. ఎస్ఆర్ఐ జనరల్ ఒకాయన 2015లో ఒక ఇంటర్వ్యూలో న్యాయస్థానాలను తమ సంస్థకు వ్యూహక్షేత్రంగా వర్ణించడంతో న్యాయవాదుల్లో దుమారం లేచింది. 2016 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం, క్రిమినల్ కేసుల కోసం ఎస్ఆర్ఐ ఫోన్లు వినడం చెల్లదన్నది. 2018 మార్చిలో మరో సంగతి బయటపడింది: ప్రాసిక్యూటర్లకూ ఎస్ఆర్ఐకీ మధ్య 2009లో రహస్య ఒప్పందం జరిగింది. దాని మీద గోప్యత ముద్ర అప్పటిదాకా తొలగలేదు.

డీఎన్ఏ ప్రత్యర్థుల చేతికి ఇంతకన్నా ఏం కావాలి? యజమాని దాన్ వొయికులెస్కు 2014 ఆగస్టులో పదేళ్ళ శిక్షతో జైలుకెళ్ళిన అంతెనా 3 అనే వార్తా చానల్ రాత్రింబవళ్ళు సమాంతర రాజ్యం గురించి మాట్లాడింది. డీఎన్ఏ, ఎస్ఆర్ఐ కలిసి దేశాన్ని నడుపుతున్నాయన్నది దాని సారాంశం. యజమాని జైల్లో ఉన్న చానల్ మాట కాబట్టి అబద్ధమనేయడం తేలిక. ఆ మాటలో పాలెంతో నీళ్ళెంతో తేల్చడం అంత తేలిక కాదు. కొన్ని పెద్ద కేసులు కోర్టులో వీగిపోయాయి. పొంతా 2018లో నిర్దోషిగా బయటపడ్డారు. 2015లో కేసు పెడితే పదవి వదులుకున్న రాజ్యాంగ న్యాయస్థాన సభ్యుడు తొని గ్రెబ్ల కూడా అంతే. డీఎన్ఏ ప్లొయెష్తి శాఖ ప్రాసిక్యూటర్లు సాక్ష్యాలు అల్లారన్న ఆరోపణలు వచ్చాయి. ఎన్నికల లెక్కల్లో కాక, మామూలు మనిషి మనసులో ఈ రెండు భావాలూ పక్కపక్కనే ఉండేవి: వీళ్ళను జైల్లో వేయాల్సిందే, కానీ ఆ ఫోను వినేవాడెవడు?

2016 డిసెంబరులో సోషల్ డెమొక్రాట్లు 45 శాతం ఓట్లతో ఘనవిజయం సాధించారు. అవినీతి మీద అంత గోల జరిగిన ఏడాది తర్వాత! పోలింగ్ 40 శాతానికి చేరలేదు. పార్టీ అధినేత లివియు ద్రాగ్నియాకు ప్రధాని పదవి అందలేదు, ఎందుకంటే ఆయన మీద అప్పటికే రెండేళ్ళ సస్పెండెడ్ శిక్ష ఉంది. 2012లో బసెస్కును రెండోసారి దించడానికి జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటింగ్ 50 శాతం దాటించడానికి అక్రమాలు చేయించారన్నది నేరం. తన ఏలుబడిలోని తెలెఒర్మాన్ జిల్లా శిశు సంరక్షణ విభాగం జీతాల మీద పార్టీ పని చేసే ఇద్దరు మహిళలను పెట్టారన్న మరో కేసు నడుస్తోంది. ఆ కేసులో నష్టం సుమారు లక్ష లేయిలు (రొమేనియా కరెన్సీ).

ఈ అంకె గుర్తుంచుకుని ముందుకు పదండి. 2017 జనవరి 31 రాత్రి పది దాటాక ప్రభుత్వం 13వ నంబరు అత్యవసర ఆర్డినెన్సు ఆమోదించింది. అధికార దుర్వినియోగం వల్ల నష్టం 2 లక్షల లేయిలు దాటకపోతే అది నేరమే కాదు. విలేకరులు అడిగిన ప్రశ్నలకు న్యాయమంత్రి ఫ్లోరిన్ యొర్దకె మరో ప్రశ్న, మరో ప్రశ్న అంటూ దాటవేశారు. గంట తిరిగేలోపు వేలమంది ప్రభుత్వ భవనం ముందు విక్టరీ స్క్వేర్‌కు చేరారు. రాత్రిపూట, దొంగల్లా అన్నది ఆ రాత్రి పుట్టిన నినాదం. ఆరో రోజున, ఫిబ్రవరి 5 ఆదివారం, దేశమంతటా సుమారు 5 లక్షల మంది వీధుల్లో ఉన్నారని అంచనా. 1989 తర్వాత అంత జనం ఎన్నడూ రాలేదు. ఆర్డినెన్సును అదే రోజు వెనక్కి తీసుకున్నారు, అయినా జనం కదల్లేదు. డీఎన్ఏ వచ్చి మిమ్మల్ని పట్టుకుపోవాలి అని పిల్లల్ని భుజాల మీద ఎత్తుకున్న తల్లిదండ్రులు పాడినట్టు అరిచారు. ఆ నెలాఖరున అదే కూడలిలో రంగు కాగితాలు పట్టుకుని యూరోపియన్ యూనియన్ జెండాగా నిలబడ్డారు. పదేళ్ళ కిందట బ్రస్సెల్స్ చేసిన కాపలా పనిని ఇప్పుడు జనమే చేస్తున్నారు, బ్రస్సెల్స్ జెండా పట్టుకుని. ఇంకోవైపు అధ్యక్ష భవనం ముందు కొన్ని వందల మంది ప్రభుత్వానికి మద్దతుగా నిలబడ్డారు. వాళ్ళలో పింఛనుదార్లు ఎక్కువ.

తర్వాతి రెండేళ్ళు లాగుడుబిళ్ళగా సాగాయి. న్యాయమంత్రి తుదొరెల్ తొయాదెర్ కొవెషిని తొలగించమన్నారు. అధ్యక్షుడు క్లాస్ యొహానిస్ ఒప్పుకోలేదు. అధ్యక్షుడికి కాదనే అధికారం లేదని 2018 మేలో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. జులై 9న యొహానిస్ సంతకం పెట్టారు. ఆగస్టు 10న సెలవులకు వచ్చిన ప్రవాసులు బుఖారెస్ట్‌లో సభ పెడితే పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు; 450 మందికి పైగా వైద్యసాయం అవసరమైంది. కొవెషి తొలగింపు తీరు తప్పని 2020లో యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం తీర్పిచ్చింది. అప్పటికి ఆమె కొత్త కుర్చీలో ఉన్నారు. యూరోపియన్ యూనియన్ మొట్టమొదటి చీఫ్ ప్రాసిక్యూటర్ పదవికి ఆమె పోటీపడితే సొంత ప్రభుత్వమే అడ్డం పడింది, దేశం విడిచి వెళ్ళకుండా ఆంక్షలూ వచ్చాయి. యూనియన్ ఆమెనే ఎంచుకుంది. ద్రాగ్నియా విషయానికొస్తే, 2019 మే 26న యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలో ఆయన పార్టీ చతికిలబడింది. మరునాడు ఆ లక్ష లేయిల కేసులో మూడున్నరేళ్ళ శిక్ష ఖరారై జైలుకు వెళ్ళారు.

ఇక్కడ కథ సుఖాంతమని చాలామంది అనుకున్నారు. కానీ కొవెషి లేని డీఎన్ఏ చల్లబడింది, పెద్ద పేర్లు తగ్గాయి. కూడళ్ళు ఖాళీ అయ్యాయి. కాలపరిమితి లెక్కల మీద రాజ్యాంగ న్యాయస్థానం 2018లో ఒక తీర్పు ఇచ్చింది. దానికి తగ్గట్టు చట్టాన్ని సవరించాల్సిన పార్లమెంటు నాలుగేళ్ళు మౌనంగా కూర్చుంది. 2022లో అదే న్యాయస్థానం దాని పర్యవసానాన్ని తేల్చేసరికి, గడువు దాటిందన్న కారణంతో కేసులు వరసగా మూతపడటం మొదలైంది. శిక్షలు పడ్డవాళ్ళూ బయటపడ్డారు. ఎవరూ రాత్రిపూట దొంగల్లా ఏమీ చేయలేదు కాబట్టి ఎవరూ వీధికెక్కలేదు. ఆ మూతల మధ్యనే, 2023 సెప్టెంబరు 15న, యూరోపియన్ కమిషన్ పరిశీలనా వ్యవస్థను అధికారికంగా ముగించింది. గీటురాళ్ళన్నీ దాటారని చెప్పింది. 2025 జనవరి 1 నుంచి రొమేనియా పాస్‌పోర్టు తనిఖీ లేని షెంగెన్ పరిధిలో పూర్తి సభ్యురాలు.

వచ్చే భాగం: క్రొయేషియా. సభ్యత్వ చర్చలు ముగియకముందే సొంత మాజీ ప్రధాని మీద దర్యాప్తు మొదలుపెట్టిన దేశం. ఇవో సనాదెర్ 2010 డిసెంబరులో సరిహద్దు దాటి ఆస్ట్రియాకు కారులో ఎందుకు వెళ్ళారు, అక్కడ ఎలా దొరికారు.